లెక్కకు రాని రెండు మాత్రలు

పదకొండు ఇరవైకి నేను పోలీసు స్టేషన్‌లో అడుగుపెట్టేసరికి మా మరిది కేసు ముగించేసి కాగితాలకు గుండుసూది గుచ్చుతున్నాడు. మరిది అంటే మా చెల్లెలి భర్త, అక్కడి ఇన్‌స్పెక్టర్. ఇంట్లో నన్ను చూస్తే లేచి కుర్చీ జరుపుతాడు, స్టేషన్‌లో మాత్రం కూర్చోమని కూడా అనడు. నాది ఆరోగ్యశాఖలో అంటురోగాల ఆరా తీసే ఉద్యోగం. ఇరవై ఏళ్లు నర్సుగా చేసి ఇందులోకి వచ్చాను. కంటికి కనబడని దొంగను వెతకడం కూడా ఒక డిటెక్టివ్ పనేనా అని, పెళ్లయిన నాటినుంచీ నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

కేసు ఇదీ. ఆసుపత్రులకూ లాబొరేటరీలకూ గాజు ఫ్లాస్కులు తయారుచేసే షెడ్డులో వారం తిరక్కుండా ఐదుగురు గొంతు పట్టుకుని మంచమెక్కారు. నలుగురు గాజు ఊదుడు జట్టు మగవాళ్లు, ఒకామె ప్యాకింగు గదిలో పనిచేసే మనిషి. నలుగురిలో పెద్దమేస్త్రి పరిస్థితి మరీ కష్టంగా ఉంది, మంగళవారం నుంచి నోరు సరిగ్గా తెరవలేకపోతున్నాడు. గాజును మసకబార్చడానికి వాడే యాసిడ్ సీసా ఒకటి సగానికి తగ్గి కనబడింది. షెడ్డు డ్రమ్ములో తాగే నీళ్లు నింపేది ఒకామె, ఆమె అన్నను పోయిన నెలలోనే పనిలోంచి తీసేశారు. మా మరిదికి అంతకంటే ఏం కావాలి? నిన్న బుధవారం మధ్యాహ్నం ఆమెను పట్టుకొచ్చి లాకప్‌లో పెట్టాడు. ఇవాళ నాలుగింటికి కోర్టులో హాజరు పరుస్తానన్నాడు.

ఐదుగురి నోళ్లూ చూశారా అని అడిగాను. చూశానన్నాడు. గొంతులో తెల్లటి మచ్చలు ఉన్నాయట, యాసిడ్ కాలిన గుర్తులు అవేనట.

"పెదవులు కాలాయా?"

"లేదు."

"నాలిక?"

కాగితాల్లోకి చూశాడు. అందులో నాలిక గురించి ఏమీ లేదు.

"యాసిడ్‌కి అంత మర్యాద ఎక్కడిది మరిదిగారూ? పెదవుల్నీ నాలికనీ పలకరించకుండా తిన్నగా టాన్సిల్స్ దగ్గరికి వెళ్లి కూర్చుందా?"

పొద్దున ఎనిమిది నుంచి పది దాకా నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. ఐదుగురికీ జ్వరం నూటరెండు పైన. దవడ కింద బిళ్లలు కట్టాయి, ముట్టుకుంటే ఉలిక్కిపడుతున్నారు. ఒక్కరికీ దగ్గు లేదు, జలుబు లేదు, ముక్కు కారడం లేదు. మామూలు జలుబుతో వచ్చే గొంతునొప్పి అలా ఉండదు. దూది పుల్లతో ఐదు గొంతులూ తుడిచి పది నిమిషాల్లో తేలే పరీక్ష చేశాను, ఐదింటికి ఐదూ గీత చూపించాయి. అది స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి. పైగా విషమైతే అందరినీ ఒకే రోజు పడగొడుతుంది. ఇక్కడ పెద్దమేస్త్రికి పది రోజుల కిందట సోమవారం మొదలైంది. గురువారం ఒకడికి, శుక్రవారం ఇద్దరికి, శనివారం ప్యాకింగు ఆమెకు. ఒంట్లో చేరిన రెండు నుంచి ఐదు రోజులకు బయటపడడం ఆ క్రిమి అలవాటు. తేదీలు దాని పేరే చెబుతున్నాయి.

మా మరిది అంతా విని, గుండుసూది తీసి, యాసిడ్ కాగితం పక్కన పెట్టి, కొత్త కాగితం తీసుకున్నాడు. "సరే, క్రిమే అనుకుందాం. ఆ క్రిమిని నీళ్లలో ఎవరు కలిపారు?"

మా మరిదికి నేరం మారినా నేరస్తురాలు మారదు. పైగా సాక్ష్యం కూడా ఉందన్నాడు. పోయిన శుక్రవారం డ్రమ్ము దగ్గరి గ్లాసుల్లో వింత వాసన వచ్చిందని అదే షెడ్డులోని రెండో జట్టువాళ్లు ఇద్దరు రాసిచ్చారట. ఆ కాగితం నేను రెండుసార్లు చదివాను. వాసన డ్రమ్ములో కాదు, గ్లాసుల్లో. ఆ సంగతి ఆయన పట్టించుకోలేదు, నేను పట్టించుకున్నాను.

నీళ్ల మనిషిని చూడనిమ్మని అడిగి లోపలికి వెళ్లాను. ముప్ఫై ఏళ్లుంటాయి. బిందెలు మోసి మోసి భుజం ఒకవైపు వంగిపోయింది. ఆమెనూ అనుమానించే వెళ్లానని ఒప్పుకుంటాను, ఈ పనిలో దయకంటే ముందు దూది పుల్ల వాడాలి. నోరు తెరవమంటే తెరిచింది. గొంతు శుభ్రంగా ఉంది. పరీక్షలో గీత రాలేదు. ఆ డ్రమ్ము నీళ్లే రోజూ తనూ తాగుతానంది, తాగని రోజుంటే చెప్పమనండి అంది. గ్లాసుల్లో వాసన సంగతి అడిగాను. శుక్రవారం మధ్యాహ్నం గ్లాసులు కడుగుతుంటే నారింజపండు వాసన వచ్చిందని చెప్పింది. అవి ఎవరు వాడిన గ్లాసులని అడిగితే, ఊదుడు జట్టువి అంది. ఆ రోజు ముగ్గురు ఆ గ్లాసుల్లో ఏదో కలుపుకుని తాగడం చూసిందట. ఈ మాట ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పావా అంటే, వాసన వచ్చిందా అని మాత్రమే అడిగారు, వచ్చిందన్నాను అని చెప్పింది.

నేను లేవబోతుంటే చువ్వలు పట్టుకుంది. "నాలుగు రోజులకో నెలకో వదిలేస్తారేమోనమ్మా. కానీ నీళ్లలో కలిపిందన్న పేరు ఒకసారి వచ్చాక నా చేతి నీళ్లు ఎవరు తాగుతారు? నాకు వచ్చిన పని అదొక్కటే."

సమయం పదకొండు యాభై ఐదు.

పన్నెండున్నరకు షెడ్డులో ఉన్నాం. నా మీద నమ్మకం లేక మా మరిది కూడా వెంటే వచ్చాడు. కొలిమికి కుడివైపు పెద్దమేస్త్రి జట్టు స్థలం, ఎడమవైపు రెండో జట్టు. తాగే నీళ్ల డ్రమ్ము సరిగ్గా మధ్యలో ఉంది. రెండు జట్లవాళ్లూ అవే నీళ్లు తాగుతారు. రెండో జట్టులో నలుగురూ గుండ్రాళ్లలా ఉన్నారు, గొంతులు చూశాను, ఏమీ లేదు. యాసిడ్ సీసా సంగతీ తేలిపోయింది. పోయిన శనివారం మసక గ్లాసుల పని చేశామని, సగం అందులోనే అయిందని రెండో జట్టు పెద్ద రిజిస్టరు తెరిచి చూపించాడు. మా మరిది ఆ పేజీ దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు.

రెండు జట్లకూ తేడా ఏమిటని అడిగాను. తాము చిన్న సరుకు చేస్తామని, గాలి మిషనే ఊదుతుందని చెప్పాడు. పెద్ద ఫ్లాస్కులు మాత్రం మిషన్‌కు లొంగవు, పెద్దమేస్త్రి జట్టు నోటితో ఊదుతుంది. ఎలాగో చేసి చూపించమన్నాను. ఇనప గొట్టం ఒక కొసను కరిగిన గాజులో ముంచి తీశాడు. మొదటి మనిషి ఊది బుడగ లేపుతాడు. రెండోవాడు అందుకుని పెంచుతాడు, మూడోవాడు మెడ తీస్తాడు, నాలుగోవాడు సరిచేస్తాడు. గొట్టం తిప్పడం ఆగితే గాజు ఒక పక్కకు జారిపోతుంది కాబట్టి ఒకరి పెదవుల నుంచి తీసిన గొట్టం రెండు క్షణాల్లో ఇంకొకరి పెదవుల మధ్య ఉండాలి. తుడవడానికి తీరిక లేదు. రోజుకు తొంభై ఫ్లాస్కులు.

"మరి ఒకరి ఎంగిలి ఒకరికి అంటదా?"

అతను నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. "గొట్టం పొద్దస్తమానం నిప్పులోనే ఉంటుంది మేడమ్. నిప్పులో ఏ రోగం బతుకుతుంది?"

ఆ షెడ్డులో అందరి నమ్మకమూ అదే. తాతల నాటినుంచీ ఎవరూ గొట్టం మూతి కడిగిన పాపాన పోలేదు. నేను గొట్టం అందుకున్నాను. ఆ చివర గాజు ఎర్రగా మండుతోంది. ఈ చివర మూతి మీద చెయ్యి వేస్తే నీళ్ల గ్లాసంత చల్లగా ఉంది. అలా లేకపోతే పెదవులు ఆనించగలరా? నిప్పు ఒక కొసన ఉంటే, క్రిమి రెండో కొసన హాయిగా కాపురం చేస్తోంది. ఆ సంగతి చెబితే అతను మూతిని రెండుసార్లు తడిమి చూసి, చొక్కాకు చెయ్యి తుడుచుకున్నాడు. మామూలుగా ఈ క్రిమి దగ్గరగా మాట్లాడినప్పుడు పడే తుంపరతో, తుమ్ముతో పాకుతుంది. ఉమ్మి గొట్టం మీదుగా నోటినుంచి నోటికి చేరుతుంటే దానికి ఇక ఆ శ్రమ కూడా ఉండదు.

మా మరిది గోడకు ఆనుకుని నవ్వాడు. "బాగుంది వదినగారూ. మరి ప్యాకింగు ఆవిడ గొట్టం ఎప్పుడు ఊదింది?"

"ఆవిడ పెద్దమేస్త్రి భార్య. ఇద్దరిదీ ఒకే ఇల్లు."

"మరి పెద్దమేస్త్రికి ఎవరు అంటించారు? ఆయన జట్టులో ఆయనకే ముందు వచ్చింది. మొదటి మనిషిని నా ముందు నిలబెట్టండి, నీళ్ల మనిషిని వదిలేస్తాను. లేకపోతే నాలుగింటికి ఆమె కోర్టులో ఉంటుంది."

అడిగిన తీరు నచ్చకపోయినా ప్రశ్న న్యాయమైనదే. నేను పెద్దమేస్త్రి మేకుకు తగిలించిన తోలు ఏప్రాన్ దించి జేబులు తడిమాను. చేతిరుమాలు, సుద్దముక్క, ఒక మాత్రల అట్ట దొరికాయి. పది మాత్రల అట్టలో రెండే మిగిలాయి. క్రిమిని చంపే మాత్రలే అవి, ఈ జబ్బుకు వాడేవే. కానీ మోతాదు పెద్దవాళ్లది కాదు. ఒకటి గీకి వాసన చూశాను, నారింజ. చేదు తెలియకుండా నీళ్లలో కలిపి పిల్లలకు పట్టించే రకం.

అట్టను మా మరిది ముక్కు దగ్గర పెట్టాను. "మీ వింత వాసన ఇదేనా, అడగండి."

రెండో జట్టువాళ్లను పిలిచి వాసన చూపించాడు. ఇద్దరూ అదేనన్నారు. ఆయన మొహం మాడిపోయింది. నాకు మాత్రం సంతోషం కలగలేదు. నలుగురు బలమైన మగవాళ్లు పసిపిల్లల మాత్రలు ఎందుకు మింగుతున్నారు? ఆ మాత్రలు ఏ పిల్ల నోటికి వెళ్లాల్సినవి?

మేమిద్దరం ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంటా నలభై. పెద్దమేస్త్రికి టాన్సిల్ పక్కన చీము గడ్డ కట్టింది. పొద్దున దాన్ని కోసి చీము తీశారు. మాట్లాడలేడు, కానీ చేతులు బాగానే ఉన్నాయి. మంచం పక్కన అతని భార్య, ఆమెకూ మందు మొదలుపెట్టారు. నేను అట్ట తీసి దుప్పటి మీద పెట్టాను. అతను కళ్లు మూసుకున్నాడు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడే నాకు తెలిసిపోయింది, అబద్ధం చెప్పేది భర్త కాదు, భార్య అని.

ముందు అతన్నే అడిగాను. నువ్వు ఎన్ని వేసుకున్నావు? నాలుగు వేళ్లు చూపించాడు. జట్టులో ఒక్కొక్కరికి ఎన్ని ఇచ్చావు? రెండు వేళ్లు. ఎన్ని రోజులకు నొప్పి తగ్గింది? రెండు. తగ్గగానే మానేశావా? తల ఊపాడు. చేతనైన సాయం చేశాననుకున్నాడు పాపం. నొప్పి తగ్గింది కానీ క్రిమి చావలేదు, అది చీము గడ్డయి తిరిగి వచ్చింది. ఈలోగా అతను గొట్టం ఊదుతూనే ఉన్నాడు.

తర్వాత ఆమె వైపు తిరిగాను. ఈ మాత్రలు ఎవరికి రాశారని అడిగితే నీళ్లు నమిలింది. పక్కింటివాళ్లవి అంది. ఏ పక్క అంటే కుడిపక్క అంది, కుడిపక్క ఇంట్లో పిల్లలున్నారా అంటే భర్త వైపు చూసింది. ఇంట్లో ఎంతమంది ఉంటారని మా మరిది ఉరిమాడు. ముగ్గురం అంది. పదకొండేళ్ల కూతురు.

"చూడమ్మా," అన్నాను. "నువ్వు నోరు విప్పకపోతే నాలుగింటికి నీళ్ల మనిషి జైలుకు పోతుంది. ఆమె ఏ తప్పూ చేయలేదని నీకు మొదటినుంచీ తెలుసు."

అప్పుడు ఏడ్చింది. భర్త పంచిన మాత్రలే వికటించి అందరూ పడిపోయారని ఆమె అనుకుంది. మాత్రల సంగతి బయటపడితే విషం పెట్టినవాడు అతనే అంటారని భయపడింది. సెలవు చీటీ ఇవ్వడానికి నిన్న జ్వరంతోనే షెడ్డుకు వెళ్లినప్పుడు, నీళ్ల మనిషిని పట్టుకెళ్తుంటే ప్యాకింగు గది కిటికీలోంచి చూస్తూ ఊరుకుంది. నాకు ఒళ్లు మండింది, ఆమెకు వినబడేటట్టే చెప్పాను ఆ మాట. మాత్రలు ఎవరినీ చంపలేదని, సగంలో ఆపడమే కొంప ముంచిందని కూడా చెప్పాను. ఇప్పుడు డాక్టరు ఇచ్చిన మందు పది రోజులూ పూర్తి చేయమన్నాను. నొప్పి తగ్గినా సరే, మింగడం హాయిగా ఉన్నా సరే. మందు మొదలైన ఒక రోజుకు ఇతరులకు అంటించే భయం తగ్గుతుంది, కానీ లోపలి లెక్క తేలాలంటే పది రోజులూ పట్టాలి.

ఇక అసలు విషయానికి వచ్చాను. కూతురికి గొంతునొప్పి ఎప్పుడు? పదిహేడు రోజుల కిందట, సోమవారం. డాక్టరు పది రోజులకు ఇరవై మాత్రలు రాశాడు, రెండు అట్టలు. మూడు రోజుల్లో జ్వరం తగ్గింది, పిల్ల గంతులేసింది, మాత్రలు డబ్బాలో పెట్టేశారు. అంటే ఆరు వాడింది. మా మరిది తన నోటుబుక్కులో లెక్క వేసుకుంటున్నాడు. పిల్ల ఆరు, తండ్రి నాలుగు, జట్టు ముగ్గురూ కలిసి ఆరు, అట్టలో రెండు.

"పద్దెనిమిది," అన్నాడు. "ఇంకో రెండు ఏమయ్యాయి?"

ఇంట్లో ఏమైనా మిగిలాయా అంటే లేవంది. ఆ రెండూ ఎటు పోయాయో ఆమెకు నిజంగానే తెలియదు. నా దృష్టి అప్పుడు ఆ రెండింటి మీద లేదు. పిల్ల ఇప్పుడు బడిలో ఉందా అని అడిగాను. లేదు, ఇంట్లోనే, పక్కింటి పిన్నిగారు చూసుకుంటోంది అంది. ఎందుకు వెళ్లలేదు?

"తాడాట ఆడుతుంటే మోకాలు బెణికిందండీ. సోమవారం వాచింది. అది తగ్గిపోయింది లెండి."

"తగ్గిపోతే బడికి ఎందుకు పోలేదు?"

"నిన్నటినుంచి రెండో కాలి చీలమండ నొప్పి అంటోంది."

బెణుకు ఒక కాలినుంచి ఇంకో కాలికి నడిచి వెళ్లదు. ఇంకేమైనా ఉందా అని అడిగాను. నా గొంతులో ఏదో తేడా విని మా మరిది నోటుబుక్కు మూశాడు. పిల్ల పొద్దున మెట్లెక్కుతూ రెండుసార్లు కూర్చుండిపోయిందని, నీరసమేమో అనుకున్నానని తల్లి చెప్పింది. నేను చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే మెట్లు దిగాను. భయపడ్డాను, దాచడానికేముంది.

జీపులో మా మరిది మొదటిసారి నన్ను నిజంగా అడిగాడు, గొంతునొప్పికీ మోకాలికీ ఏమిటి సంబంధమని. సగం మందుతో వదిలేసిన ఈ క్రిమి మీద ఒళ్లు యుద్ధానికి దిగుతుందని, ఒక్కోసారి రెండు మూడు వారాలకు ఆ యుద్ధం గురి తప్పి సొంత కీళ్లనే కొడుతుందని చెప్పాను. పిల్లల్లోనే ఎక్కువ. రుమాటిక్ జ్వరం అంటారు. కీళ్లు వాటంతటవే తగ్గుతాయి.

"మరి భయమెందుకు?"

"అది కీళ్ల దగ్గర ఆగకపోతే గుండె కవాటాలు తినేస్తుంది."

ఆయన డ్రైవరును తొందరపెట్టాడు. దారిలోనే స్టేషన్‌కు ఫోన్ చేసి, నీళ్ల మనిషిని వదిలేయమని, ఆమె పేరు మీద ఏ కాగితమూ ఉండకూడదని చెప్పాడు. అప్పుడు రెండూ యాభై. ఆమెకు క్షమాపణ చెప్పమని నేను గుర్తుచేశాను. సాయంత్రం షెడ్డుకు వెళ్లి అందరి ముందూ ఆ డ్రమ్ము నీళ్లు తాగుతానన్నాడు.

మూడో అంతస్తు. తలుపు పిల్లే తీసింది, గోడ పట్టుకుని. బక్కపలచని పిల్ల, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పోలీసు టోపీ చూసి వెనక్కి తగ్గింది. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మంచం మీద కూర్చోబెట్టి చీలమండ చూశాను. ఉబ్బి, వేడిగా ఉంది, వేలు తగిలితే మూలిగింది. స్టెతస్కోప్ తీసి గుండె ఎడమ అంచున పెట్టి, మా మరిదినీ, వెనకే వచ్చిన పక్కింటి పిన్నిగారినీ మాట్లాడొద్దన్నాను.

ఆరోగ్యంగా ఉన్న గుండె రెండు చప్పుళ్లు చేస్తుంది, మధ్యలో నిశ్శబ్దం. ఈ పిల్ల గుండెలో ఆ నిశ్శబ్దం లేదు. రెండు చప్పుళ్ల మధ్యా ఎవరో సన్నని గొట్టంలోంచి ఊదుతున్నట్టు శబ్దం వస్తోంది. నేను తప్పు విన్నానేమోనని నాలుగు చోట్ల పెట్టి చూశాను. నాలుగు చోట్లా అదే వినబడింది.

"ఏమైంది వదినా?" మా మరిది గొంతు తగ్గించి అడిగాడు. 'గారు' మరిచిపోయాడు.

"ఎత్తుకోండి. ఒక్క మెట్టు కూడా నడవనివ్వకండి."

ఆయన పిల్లను రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఆసుపత్రికి ఫోన్ చేసి, గుండె డాక్టరును, మంచాన్ని సిద్ధం చేయమన్నాను. ఇవాళే పట్టుకున్నాం కాబట్టి ఆశ ఉంది. ఇక చాలా ఏళ్లు ఈ పిల్ల నెలనెలా పెన్సిలిన్ సూది తప్పించుకోకూడదు. ఆ సంగతి తల్లికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ మెట్లు దిగుతున్నాను. పిల్ల మా మరిది భుజం మీంచి నన్నే చూస్తోంది, ఏదో తప్పు చేసినట్టు.

"అమ్మా, డబ్బాలో మాత్రలు నువ్వు కూడా తీశావా?" అని అడిగాను.

పిల్ల తల ఊపింది. తర్వాత చెప్పింది, "రెండే. నా బెంచీలో కూర్చునే అమ్మాయికి ఇచ్చాను. నాకంటే ముందు దానికే వచ్చింది గొంతునొప్పి. వాళ్లింట్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదట."

మా మరిది మెట్టు మీద ఆగిపోయాడు. ఆయన వెతకమన్న మొదటి మనిషి ఆ బెంచీలో ఉంది.

"ఆ అమ్మాయి ఇప్పుడు బాగానే ఉందా తల్లీ?"

"తెలీదు. మోకాళ్ల నొప్పులని పోయిన గురువారం నుంచి బడికి రావట్లేదు. ఆ ముందు రోజు పరుగు పందెంలో పడిపోయింది, ఊపిరాడటం లేదని."

వారం గడిచింది. నేను వేళ్ల మీద లెక్కపెట్టాను, లెక్క ఎటు తిప్పినా వారమే. ఆయన పిల్లను జీపులో పడుకోబెట్టి, డ్రైవరు పక్క సీటు తలుపు నాకోసం తెరిచి పట్టుకుని, నోటుబుక్కు తీశాడు.

"చెప్పమ్మా, వాళ్లిల్లు ఎక్కడ?"